కసాండ్రా 5.0 ఇన్‌స్టాల్ చేస్తున్నారా? ఆ 'వై' నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి

మా ఖాలా కొడుకు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పని చేస్తాడు. చేరి అప్పటికి ఐదు నెలలు. ఇంకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. ఒకరోజు రాత్రి రెండు దాటాక నాకు ఫోన్ చేశాడు. "భాయ్, డేటాబేస్ అప్‌గ్రేడ్ చేస్తుంటే డేటా పోయింది. పొద్దున్నే సార్‌కి ఏం చెప్పాలి?" అని గొంతు వణుకుతూ అడిగాడు. నేను బీకాం చదివినవాణ్ని. డెబిట్, క్రెడిట్ అడిగితే చెప్తాను గానీ దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యి, దాచిపెట్టకు అని మాత్రం చెప్పాను.

ఆ తర్వాత మూడు ఆదివారాలు వాడి పక్కన కూర్చుని, అసలు ఆ రాత్రి ఏం జరిగిందో మొదటి నుంచి అడిగి తెలుసుకున్నాను. వాడి ల్యాప్‌టాప్‌లోనే అదే సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూశాం. మన ఇళ్లల్లో ఇప్పుడు ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు. అమీర్‌పేటలో కోర్సు చేసి, రాత్రి షిఫ్టులో 'సపోర్ట్' పనితో మొదలుపెడతారు. పెద్దల చేతిలో ఉన్న సర్వర్లు ఒక్కోసారి హఠాత్తుగా వీళ్ల చేతికి వస్తాయి. అందుకే ఈ వ్యాసం.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు అపాచీ కసాండ్రా. కొత్త పెద్ద రిలీజ్ 5.0. ఇది 2024 సెప్టెంబర్‌లో వచ్చింది.

ముందుగా ఒక మాట. కమాండ్లనూ ఫైళ్ల పేర్లనూ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. అక్షరం తేడా వచ్చినా పని జరగదు.

మూడు దుకాణాలు, ఒకే ఖాతా

కసాండ్రా అంటే ఏంటో మా అబ్బాకి చెప్పాల్సి వచ్చినప్పుడు ఇలా చెప్పాను. ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి కర్నూలులో, ఒకరికి గుంటూరులో, ఒకరికి నిజామాబాద్‌లో బట్టల దుకాణం. అప్పుల ఖాతా మాత్రం ముగ్గురికీ ఒక్కటే. ఎవరి దుకాణంలో అప్పు రాసినా, మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి వాళ్ల పుస్తకాల్లోనూ రాయిస్తారు. ఒక దుకాణం తగలబడిపోయినా లెక్క పోదు. ఒకరి ఫోన్ కలవకపోయినా వ్యాపారం ఆగదు.

కసాండ్రాలో ఒక్కో దుకాణాన్ని 'నోడ్' అంటారు. అన్నీ కలిపితే 'క్లస్టర్'. ఒక్కో లెక్క ఎన్ని పుస్తకాల్లో ఉండాలో చెప్పే అంకె 'రెప్లికేషన్ ఫ్యాక్టర్'. ఇందులో పెద్దన్న అంటూ ఎవరూ ఉండరు. మామూలు డేటాబేసుల్లో ఒక ప్రధాన సర్వర్ ఉండి మిగతావి దాన్ని అనుసరిస్తాయి. ఇక్కడ అన్ని నోడ్లూ సమానమే, దేనికి రాసినా చెల్లుతుంది.

మరి ముగ్గురి పుస్తకాల్లో లెక్క తేడా వస్తే? దానికి 'కోరం' అని ఒక పద్ధతి ఉంది. రెప్లికేషన్ 3 అయితే కోరం 2. రాసేటప్పుడు కనీసం ఇద్దరు 'రాశాను' అనాలి, చదివేటప్పుడు కనీసం ఇద్దరిని అడగాలి. రాసిన ఇద్దరిలో ఒకరు చదివిన ఇద్దరిలో తప్పకుండా ఉంటారు కాబట్టి తాజా లెక్క దొరుకుతుంది. కంపెనీ బోర్డు మీటింగులో కోరం అంటే ఏంటో కామర్స్ చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ మాటే ఇక్కడా వాడారు.

ఈ సాఫ్ట్‌వేర్ పుట్టింది ఫేస్‌బుక్‌లో. ఇన్‌బాక్స్‌లో మెసేజ్‌లు వెతకడానికి అవినాష్ లక్ష్మణ్, ప్రశాంత్ మాలిక్ అనే ఇంజినీర్లు తయారు చేశారు. 2008లో దాన్ని అందరికీ ఉచితంగా వదిలేశారు. తర్వాత అపాచీ సంస్థ కిందికి వచ్చింది. అవినాష్ లక్ష్మణ్ అంతకుముందు అమెజాన్‌లో డైనమో అనే వ్యవస్థ మీద కూడా పని చేశారు, కసాండ్రా ఆలోచనలు చాలావరకు అక్కడివే. ఈరోజు నెట్‌ఫ్లిక్స్, యాపిల్ లాంటి సంస్థలు దీన్ని వాడుతున్నాయి. కసాండ్రా అనేది గ్రీకు కథల్లో ఒక అమ్మాయి పేరు. ఆమె చెప్పిన జోస్యాలన్నీ నిజమవుతాయి, కానీ ఎవరూ నమ్మరు. లాగ్ ఫైల్లో వచ్చే హెచ్చరికలను మనం చదవకుండా వదిలేసినప్పుడల్లా నాకు ఆ పేరు సరిగ్గా పెట్టారనిపిస్తుంది.

ఇన్‌స్టాల్ చేసే ముందు చూడాల్సినవి

డబ్బులు కట్టక్కర్లేదు. లైసెన్స్ ఉచితం. ఏ ఇన్‌స్టిట్యూట్ అయినా 'సాఫ్ట్‌వేర్ కిట్' పేరుతో విడిగా ఫీజు అడిగితే ఇవ్వకండి. మంచి టీచర్ దొరికితే ఫీజు దండగ కాదు గానీ, ముందు ఇంట్లో ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూసి, ఆ తర్వాత కోర్సులో చేరితే అడగాల్సిన ప్రశ్నలు తెలుస్తాయి.

విండోస్ మీద ఇది నేరుగా నడవదు. 4.0 నుంచే విండోస్ సపోర్ట్ తీసేశారు. ఇంట్లో ఉన్నది విండోస్ ల్యాప్‌టాప్ అయితే అందులో డబ్ల్యూఎస్‌ఎల్ గానీ వర్చువల్ మెషిన్ గానీ పెట్టుకుని, లోపల ఉబుంటు లాంటి లినక్స్ వేసుకోవాలి. డాకర్ తెలిసినవాళ్లకి ఇంకా సులువు, కసాండ్రా 5.0 ఇమేజ్ సిద్ధంగా దొరుకుతుంది.

రెండోది జావా. కసాండ్రా జావా మీద నడుస్తుంది. 5.0కి జావా 11 లేదా 17 కావాలి. జావా 8 ఇక పనికిరాదు. పాత 4.1 మెషిన్లు చాలాచోట్ల ఇంకా జావా 8 మీదే నడుస్తున్నాయి. అలాంటి చోట ముందు జావా మార్చి, పాత కసాండ్రాయే దాని మీద సరిగ్గా నడుస్తోందని చూసుకుని, ఆ తర్వాత కసాండ్రా జోలికి పోవాలి. రెండూ ఒకేసారి మార్చితే తేడా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో తెలీదు. సీక్యూఎల్‌షెల్ అనే కమాండ్ విండోకి పైథాన్ 3 కూడా ఉండాలి.

మూడోది గడియారం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. కసాండ్రాలో ఒకే లెక్కకి రెండు విలువలు ఉంటే, ఆఖరున ఏది రాశారో అది నెగ్గుతుంది. 'ఆఖరు' అన్నది టైమ్‌ని బట్టే తేలుతుంది. ఒక మెషిన్ గడియారం ఐదు నిమిషాలు ముందుంటే అది రాసిన పాత లెక్క, ఇంకో మెషిన్ రాసిన కొత్త లెక్కని మింగేస్తుంది. ఎర్రర్ కూడా రాదు. అందుకే సర్వర్లతో పాటు అప్లికేషన్ నడిచే మెషిన్లలో కూడా టైమ్‌ని సరిచేసే క్రోనీ లాంటి సర్వీసు నడుస్తూ ఉండాలి.

ఇక మెమరీ. జావా తీసుకునే మెమరీని 'హీప్' అంటారు. మెషిన్‌లో ఉన్న ర్యామ్‌లో సగానికి మించి దానికి ఇవ్వకూడదు. మిగతాది ఆపరేటింగ్ సిస్టమ్‌కి కావాలి. ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్ మీద మూడు నోడ్లు నడిపి నేర్చుకోవాలంటే, ఒక్కోదానికి హీప్ ఎంతో మీరే కట్టడి చేయండి. లేదంటే మూడూ కలిసి ల్యాప్‌టాప్‌ని నిలువునా పడుకోబెడతాయి. మాకు మొదటి ఆదివారం అంతా దానికే సరిపోయింది. సర్వర్లలోనైతే 'స్వాప్' ఆపేయడం కూడా ఆనవాయితీ.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి ఉచ్చు

ఉబుంటులో అయితే అపాచీ వాళ్ల రిపాజిటరీని జోడించి, దాని కీని పెట్టి, ఆప్ట్ కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేయొచ్చు. రిపాజిటరీ లైనులో 5.0 సిరీస్‌కి '50ఎక్స్' అని ఉంటుంది. అక్కడ పొరపాటున '41ఎక్స్' అని ఉంటే పాతదే వస్తుంది.

ఇక్కడే కొత్తవాళ్లు పడే మొదటి ఉచ్చు. ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేయగానే కసాండ్రా మనల్ని అడక్కుండానే స్టార్ట్ అయిపోతుంది. అప్పటికి మనం ఏ సెట్టింగూ మార్చలేదు. అందుకని 'టెస్ట్ క్లస్టర్' అనే పేరుతో, తన లోకంలో తాను ఒంటరిగా మొదలై, ఆ పేరుని తన డేటా ఫోల్డర్‌లో రాసేసుకుంటుంది. తర్వాత మనం తీరిగ్గా కాన్ఫిగ్ ఫైల్లో క్లస్టర్ పేరు మార్చి మళ్లీ స్టార్ట్ చేస్తే, 'సేవ్ అయిన పేరు వేరు, కాన్ఫిగ్‌లో ఉన్న పేరు వేరు' అని చెప్పి ఆగిపోతుంది.

దీనికి మందు సులువే. సర్వీస్ ఆపి, వార్ లిబ్ కసాండ్రా ఫోల్డర్ లోపల ఉన్నదంతా తీసేసి, మళ్లీ స్టార్ట్ చేయాలి. కొత్త మెషిన్‌లో అందులో ఏమీ లేదు కాబట్టి పోయేదీ లేదు. ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా ఇదే సలహా కనిపిస్తుంది. సరైన సలహానే. కానీ ఒక్క షరతు ఉంది, అది కొత్త మెషిన్ అయి ఉండాలి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

కాన్ఫిగ్ ఫైల్లో తప్పక మార్చాల్సినవి

అసలు కథంతా కసాండ్రా డాట్ యామల్ అనే ఫైల్లో ఉంటుంది. తెరిస్తే వందల లైన్లు కనిపించి భయం వేస్తుంది. వాటిలో మొదటి రోజు ముట్టుకోవాల్సినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

క్లస్టర్ నేమ్ అన్ని నోడ్లలోనూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. లిజన్ అడ్రస్ అంటే ఈ నోడ్ మిగతా నోడ్లతో మాట్లాడే ఐపీ. ఆర్‌పీసీ అడ్రస్ అంటే అప్లికేషన్లు వచ్చి కలిసే ఐపీ. రెండూ మొదట లోకల్‌హోస్ట్ అని ఉంటాయి, అలాగే వదిలేస్తే ఆ నోడ్‌ని బయటి నుంచి ఎవరూ చేరలేరు. ఆర్‌పీసీ అడ్రస్‌లో నాలుగు సున్నాలు పెడితే, బ్రాడ్‌కాస్ట్ ఆర్‌పీసీ అడ్రస్‌లో అసలు ఐపీ కూడా రాయాలి. లిజన్ అడ్రస్‌లో మాత్రం నాలుగు సున్నాలు పెట్టకూడదు.

సీడ్స్ అనేది చాలామందికి తికమక. కొత్తగా ఊరికి వచ్చినవాడు ముందు ఎవరింటికి వెళ్లి అడగాలో చెప్పే చిరునామా అనుకోండి. మూడు నోడ్లుంటే అందులో ఒకటో రెండో సీడ్స్‌గా రాసి, ఆ జాబితానే అన్నిచోట్లా పెడతారు. సీడ్ అంటే యజమాని కాదు. కానీ ఒక తిరకాసు ఉంది. సీడ్స్ జాబితాలో తన పేరే ఉన్న నోడ్, క్లస్టర్‌లో చేరేటప్పుడు పాతవాళ్ల దగ్గర్నుంచి డేటా తెచ్చుకోదు. నడుస్తున్న క్లస్టర్‌కి నాలుగో నోడ్ కలుపుతూ, దాన్నే సీడ్‌గా రాశారంటే అది ఖాళీ పుస్తకంతో వచ్చి 'నా దగ్గర లెక్కలున్నాయి' అని కూర్చుంటుంది.

నమ్ టోకెన్స్ 4.0 నుంచి 16గా వస్తోంది. అంతకుముందు 256 ఉండేది. కొత్త క్లస్టర్ అయితే 16 అలాగే ఉంచండి. పాత క్లస్టర్ 256తో పుట్టి ఉంటే దాన్ని కదపొద్దు, మార్చితే నోడ్ స్టార్ట్ కాదు.

స్నిచ్ అంటే ఏ నోడ్ ఏ డేటా సెంటర్‌లో, ఏ ర్యాక్‌లో ఉందో చెప్పేది. మామూలుగా సింపుల్ స్నిచ్ వస్తుంది. అది అందరినీ 'డేటాసెంటర్1'లో పడేస్తుంది. నిజం పనికి గాసిపింగ్ ప్రాపర్టీ ఫైల్ స్నిచ్ పెట్టమంటారు. అప్పుడు డేటా సెంటర్ పేరు వేరే చిన్న ఫైల్లోంచి వస్తుంది, అందులో ముందే రాసి ఉండేది 'డీసీ1'. ఒకసారి నోడ్ నడిచాక ఆ పేరు మారిస్తే మళ్లీ స్టార్ట్ అవ్వనంటుంది. కాబట్టి ఇది మొదటి రోజే తేల్చుకోవాల్సిన విషయం. తర్వాత చూద్దాంలే అంటే కుదరదు.

ఆఖరుగా తాళం. ఆథెంటికేటర్ అనే చోట మొదట 'ఆలో ఆల్' అని ఉంటుంది. పేరులోనే ఉంది, ఎవరొచ్చినా తలుపు తీసే ఉంటుంది. దాన్ని పాస్‌వర్డ్ ఆథెంటికేటర్‌గా మార్చాలి, ఆథరైజర్‌ని కసాండ్రా ఆథరైజర్‌గా మార్చాలి. అప్పుడు యూజర్ పేరు కసాండ్రా, పాస్‌వర్డ్ కూడా కసాండ్రాయే. ఇది లోకమంతా తెలిసిన పాస్‌వర్డ్. వెంటనే మీ సొంత సూపర్‌యూజర్‌ని తయారు చేసుకుని, పాతదానికి లాగిన్ ఆపేయండి. ఈ పాస్‌వర్డ్‌లు దాచే సిస్టమ్ ఆథ్ అనే చోట రెప్లికేషన్ 1 మాత్రమే ఉంటుంది. అంటే ఆ ఒక్క నోడ్ పడిపోతే ఎవరూ లాగిన్ కాలేరు. దాన్ని 3కి పెంచి, ఆ తర్వాత దాని మీద రిపేర్ నడపాలి.

2020లో 'మియావ్' అని పిలిచిన దాడుల్లో, పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న ఎలాస్టిక్‌సెర్చ్, మాంగోడీబీ డేటాబేసులను ఎవరో వరసగా తుడిచేశారు. డబ్బులు కూడా అడగలేదు. ఉత్తినే తుడిచేసి పోయారు. కాబట్టి ఫైర్‌వాల్‌లో 9042 పోర్టు అప్లికేషన్ మెషిన్లకి మాత్రమే, 7000 పోర్టు నోడ్ల మధ్య మాత్రమే తెరవండి. 7199 అన్నది నిర్వహణ పనులకి వాడే పోర్టు, దాన్ని బయటికి తెరవనే వద్దు.

ఇవన్నీ అయ్యాక సీడ్ నోడ్‌ని ముందు స్టార్ట్ చేసి, తర్వాత ఒక్కొక్కటే స్టార్ట్ చేయాలి. మూడూ ఒకేసారి లేపొద్దు. నోడ్‌టూల్ స్టేటస్ అని కొడితే ప్రతి నోడ్ పక్కన 'యూఎన్' అని రావాలి. లేచింది, మామూలుగా ఉంది అని అర్థం. 'యూజే' అంటే ఇంకా చేరుతోంది, ఆగండి. 'డీఎన్' అంటే పడిపోయింది. ఇంకో సంగతి, యూఎన్ అని ఉందా అని చూస్తే చాలదు, ఎన్ని లైన్లు వచ్చాయో కూడా లెక్కపెట్టాలి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ఆ రాత్రి ఏం జరిగిందంటే

మావాడి కంపెనీలో మూడు నోడ్ల క్లస్టర్ 4.1 మీద నడుస్తోంది. 5.0కి మార్చాలి. సీనియర్ సెలవులో ఉన్నాడు. వీడికి ఒక పేజీ కాగితం ఇచ్చి, రాత్రి ఒక నోడ్ చేసిపెట్టమన్నాడు. ఆ కాగితంలో స్నాప్‌షాట్ తీయమని ఉంది, తీశాడు. నోడ్‌టూల్ డ్రెయిన్ చేయమని ఉంది, చేశాడు. డ్రెయిన్ అంటే చేతిలో ఉన్న లెక్కలన్నీ డిస్కు మీదికి దింపి, కొత్తవి తీసుకోవడం ఆపేయడం. తర్వాత సర్వీస్ ఆపి, కొత్త ప్యాకేజీ ఇన్‌స్టాల్ కొట్టాడు.

మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది. 'కాన్ఫిగ్ ఫైల్‌ని మీరు మార్చినట్టున్నారు. ప్యాకేజీతో వచ్చిన కొత్త ఫైల్ పెట్టమంటారా, మీదే ఉంచమంటారా' అని. వై అంటే కొత్తది, ఎన్ అంటే ఉన్నదే. కాగితంలో ఈ ప్రశ్న గురించి ఏమీ లేదు. కొత్త రిలీజ్ కదా, కొత్త ఫైలే ఉండాలేమో అనుకుని వై నొక్కాడు.

అంతే, కంపెనీ సెట్టింగులన్నీ పోయి ఫైల్ మొదటికొచ్చింది. క్లస్టర్ పేరు మళ్లీ 'టెస్ట్ క్లస్టర్'. స్టార్ట్ చేస్తే పేరు కలవలేదని ఆగిపోయింది. నిజానికి ఆ ఎర్రర్ వాణ్ని కాపాడింది. ఆ క్షణాన డేటా అంతా క్షేమంగా ఉంది. పాత కాన్ఫిగ్ ఫైల్‌ని ప్యాకేజీ పక్కనే వేరే పేరుతో దాచి ఉంచింది కూడా. దాన్ని వెనక్కి పెడితే పది నిమిషాల్లో అయిపోయేది.

వాడు మాత్రం ఎర్రర్‌ని ఇంటర్నెట్‌లో వెతికాడు. పైన చెప్పిన సలహాయే దొరికింది, ఫోల్డర్ ఖాళీ చేయమని. చేశాడు. ఆ సలహా కొత్త మెషిన్‌కి అని రాసినవాళ్లు చెప్పలేదు, వీడికి తెలీదు. స్నాప్‌షాట్ ఉంది కదా అన్న ధైర్యం కూడా ఉంది. కానీ కసాండ్రా స్నాప్‌షాట్ అదే డేటా ఫోల్డర్ లోపల ఉంటుంది. ఫోల్డర్‌తో పాటు అదీ పోయింది. జిరాక్స్ తీసి ఒరిజినల్‌తో పాటు అదే ఫైల్లో పెట్టినట్టు.

నోడ్ స్టార్ట్ అయింది. స్టేటస్‌లో యూఎన్ వచ్చింది. వాడు పది నిమిషాలు సంతోషపడ్డాడు. తర్వాత చూస్తే ఒకటే లైన్ ఉంది. మిగతా రెండు నోడ్లు ఏవి? అవి వాటి క్లస్టర్‌లో అవి ఉన్నాయి, ఇది తన సొంత క్లస్టర్‌లో ఒంటరిగా ఉంది.

ఇంతవరకూ కూడా ప్రమాదం తక్కువే. రెప్లికేషన్ 3 కాబట్టి మిగతా రెండు నోడ్లలో లెక్కలన్నీ ఉన్నాయి. అప్లికేషన్ కోరం మీద నడుస్తూనే ఉంది. చచ్చిపోయిన నోడ్ స్థానంలో ఇది వస్తోందని చెప్పే ఒక ఆప్షన్‌తో దాన్ని మళ్లీ మొదలుపెడితే, పాత డేటా మిగతావాళ్ల నుంచి కాపీ అయి వచ్చేస్తుంది. మర్నాడు అలాగే చేశారు కూడా.

పోయింది ఎక్కడంటే, ఎప్పుడో ఎవరో టెస్టింగ్ కోసం రెప్లికేషన్ 1తో ఒక కీస్పేస్ తయారు చేశారు. కీస్పేస్ అంటే టేబుళ్లన్నీ పెట్టే పెట్టె లాంటిది. టెస్టింగ్ అయిపోయాక కూడా దాన్నే కస్టమర్ల ఫిర్యాదులకి వాడుకుంటూ పోయారు. మూడు నోడ్లలో ఒక్కో ఫిర్యాదు ఒక్కచోటే ఉంది. కాబట్టి దాదాపు మూడో వంతు పోయాయి. మావాడు మరో ఇద్దరితో కలిసి అప్లికేషన్ లాగుల్లోంచి, ఈమెయిళ్లలోంచి ఏరి మళ్లీ ఎక్కించడానికి నాలుగు రాత్రులు పట్టింది. అయినా కొన్ని దొరకలేదు.

తప్పు ఎవరిదని నన్నడిగితే, వై నొక్కిన పిల్లవాడిది పావు వంతు. ఆ ప్రశ్న రాయని కాగితానిది ఇంకో పావు. రెప్లికేషన్ 1తో నిజం డేటా పెట్టినవాళ్లది మిగతా సగం. ఇది నా లెక్క, కంపెనీ లెక్క వేరేగా ఉండొచ్చు. ఉన్నది ఉన్నట్టు పొద్దున్నే చెప్పాడు కాబట్టి ఉద్యోగం ఉంది. ప్రొబేషన్ మాత్రం మూడు నెలలు పొడిగించారు.

అప్‌గ్రేడ్ సరిగ్గా చేయాలంటే

3.11 లాంటి పాత వెర్షన్ నుంచి నేరుగా 5.0కి దూకకూడదు. ముందు 4.0కో 4.1కో వచ్చి, అక్కడి నుంచి ఎక్కాలి. 5.0 రావడంతో 3 సిరీస్‌కి సపోర్ట్ కూడా ఆగిపోయింది.

మొదలుపెట్టే ముందు ప్రతి కీస్పేస్ రెప్లికేషన్ ఎంతో చూడండి. సీక్యూఎల్‌షెల్‌లో డిస్క్రైబ్ కీస్పేసెస్ అంటే పేర్లొస్తాయి, ఒక్కోదాన్ని తెరిచి చూడటమే. 1 అని ఎక్కడ కనిపించినా అక్కడే ఆగి అడగండి. ఈటీసీ కసాండ్రా ఫోల్డర్ మొత్తాన్ని వేరే మెషిన్‌కి కాపీ చేసుకోండి. స్నాప్‌షాట్ తీశాక దాన్ని కూడా వేరే మెషిన్‌కి పంపండి, అప్పుడే అది బ్యాకప్.

తర్వాత ఒక్క నోడ్ చొప్పునే. డ్రెయిన్, సర్వీస్ ఆపడం, కొత్త ప్యాకేజీ. ఆ ప్రశ్న వస్తే ఎన్. కొత్త కాన్ఫిగ్ ఫైల్‌ని పక్కన తెరిచి పాతదానితో పోల్చి, కావాల్సిన కొత్త లైన్లు చేతితో కలుపుకోవాలి. స్టార్ట్ చేశాక నోడ్‌టూల్ స్టేటస్, నోడ్‌టూల్ వెర్షన్, నోడ్‌టూల్ డిస్క్రైబ్ క్లస్టర్ మూడూ చూసి, అన్నీ బాగుంటేనే రెండో నోడ్. కొన్ని నోడ్లు పాతవి, కొన్ని కొత్తవి ఉన్న ఆ మధ్య కాలంలో కొత్త టేబుళ్లు చేయొద్దు, రిపేర్లు నడపొద్దు, కొత్త నోడ్లు కలపొద్దు.

5.0లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. స్టోరేజ్ కంపాటిబిలిటీ మోడ్ అని కాన్ఫిగ్‌లో ఒక లైను. అది మొదట 'కసాండ్రా 4' అని ఉంటుంది. అంటే సాఫ్ట్‌వేర్ కొత్తదే అయినా, డిస్కు మీద పాత పద్ధతిలోనే రాస్తుంది. ఏదైనా తేడా వస్తే వెనక్కి 4కి పోయే దారి తెరిచి ఉంటుంది. కొన్నాళ్లు నడిపి నమ్మకం కుదిరాక, అన్ని నోడ్లలో దాన్ని 'అప్‌గ్రేడింగ్' అని మార్చి ఒక్కొక్కటే రీస్టార్ట్ చేయాలి. ఆ తర్వాత 'నన్' అని మార్చి మళ్లీ ఒక చుట్టు. 'కసాండ్రా 4'ని వదిలి 'అప్‌గ్రేడింగ్'కి మారినప్పటి నుంచే వెనక్కి రావడం లేదు. అప్పుడే పాత డేటా ఫైళ్లను కొత్త పద్ధతిలోకి మార్చే కమాండ్ నడుపుతారు.

చివరి మెట్టు ఎక్కితే లాభం కూడా ఉంది. ఫలానా తేదీకి తనంతట తానే చెరిగిపోవాలని డేటాకి గడువు పెట్టొచ్చు. పాత పద్ధతిలో ఆ గడువు 2038 జనవరి 19 దాటి పెట్టలేం, సెకన్లు లెక్కపెట్టే అంకె అక్కడితో నిండిపోతుంది. కొత్త పద్ధతిలో అది 2106 దాకా వెళ్తుంది. ఇరవై ఏళ్ల లోన్ రికార్డులు ఇలా గడువు పెట్టి దాచే కంపెనీకి ఇది ఇప్పటి సమస్యే.

కసాండ్రా లేటెస్ట్ డాట్ యామల్ అని ఇంకో ఫైల్ కూడా 5.0తో వస్తుంది. అందులో కొత్త సదుపాయాలన్నీ ఆన్‌లో ఉంటాయి, పైన చెప్పిన మోడ్ కూడా నేరుగా 'నన్' అనే ఉంటుంది. ఖాళీ మెషిన్ల మీద సరికొత్త క్లస్టర్ మొదలుపెడుతుంటే అది వాడుకోండి. పాత క్లస్టర్‌ని అప్‌గ్రేడ్ చేస్తున్నప్పుడు మాత్రం దాని దగ్గరికి పోవద్దు.

కొత్త సదుపాయాలు ఏంటంటే, ఏ కాలమ్ మీదైనా వేగంగా వెతకడానికి ఎస్‌ఏఐ అనే ఇండెక్స్, ఏఐ అప్లికేషన్లకి కావాల్సిన వెక్టర్ సెర్చ్, ఫోన్ నంబర్ లాంటివి అందరికీ కనిపించకుండా మరుగుపరిచే డేటా మాస్కింగ్. ఇంటర్వ్యూల్లో వెక్టర్ సెర్చ్ గురించి అడుగుతున్నారట. మావాడు మాత్రం ఎక్కడికి ఇంటర్వ్యూకి వెళ్లినా రిపేర్ గురించే చెప్పాలనుకుంటున్నాడు.

కొట్టేసిన పద్దు మళ్లీ లేస్తే

రిపేర్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసిన రోజే దీన్ని షెడ్యూల్‌లో పెట్టకపోతే తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మన ముగ్గురు అన్నదమ్ముల్లో నిజామాబాద్ ఆయన ఫోన్ ఆఫ్‌లో ఉంది. ఒక కస్టమర్ అప్పు తీర్చేశాడు. మిగతా ఇద్దరూ ఆ పద్దు కొట్టేసి, పక్కన 'తీరిపోయింది' అని గుర్తు పెట్టుకున్నారు. కసాండ్రాలో ఆ గుర్తుని 'టూంబ్‌స్టోన్' అంటారు, సమాధి రాయి అని. ఈ గుర్తుల్ని ఎల్లకాలం ఉంచరు. మామూలుగా పది రోజులు, టేబుల్ సెట్టింగులో 864000 సెకన్లు, దాటాక తుడిచేస్తారు. నిజామాబాద్ ఆయన పది రోజుల తర్వాత ఫోన్ ఆన్ చేస్తే, ఆయన పుస్తకంలో ఆ అప్పు ఇంకా ఉంది. ఇద్దరి దగ్గరా అసలు ఆ పేరే లేదు, కొట్టేసిన గుర్తూ లేదు. ఇది మా దగ్గర తప్పిపోయిన పద్దేమో అనుకుని ఇద్దరూ మళ్లీ రాసుకుంటారు. తీర్చిన అప్పు మళ్లీ లేచి కూర్చుంటుంది.

ఇది జరగకుండా ఉండాలంటే నోడ్‌టూల్ రిపేర్ అనే కమాండ్ అన్ని నోడ్ల మీదా ఆ పది రోజుల లోపు ఒకసారి పూర్తవ్వాలి. వారానికి ఒకసారి అని పెట్టుకుంటే సరిపోతుంది. పది రోజులకు పైగా పడిపోయి ఉన్న నోడ్‌ని మళ్లీ అలాగే లేపకూడదు, ఖాళీ చేసి కొత్తదానిలా కలపాలి. చూడండి, ఫోల్డర్ ఖాళీ చేయాల్సిన సందర్భం ఇక్కడ నిజంగానే వచ్చింది.

మావాడు ఇప్పుడు ఆ ఒక్క పేజీ కాగితాన్ని నాలుగు పేజీలు చేశాడు. రెండో పేజీ మధ్యలో, వై-ఎన్ ప్రశ్న స్క్రీన్ మీద ఎలా కనిపిస్తుందో ఫొటో తీసి అంటించాడు. ఆ కాగితం మీదే మిగతా రెండు నోడ్లూ వాడే చేశాడు. సీనియర్ పక్కన కూర్చుని చూశాడంతే.